దిగేముందు ఒక్క పట్టు

"మళ్లీ చెప్పు. ఈసారి నోటితో కాదు, చేత్తో చెప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ జేబెజ్ ఓర్మ్.

స్కెల్బీ ఠాణా కొట్లో గోడకి చేరగిలబడ్డ ఈనాక్ డనేజ్ తలెత్తి చూశాడు. పాతికేళ్లుగా రైలింజన్ నడుపుతున్న మనిషి. మెడ మీది మసి ఏ సబ్బుకీ లొంగేది కాదు. భార్య కెజయా పంపిన రొట్టె మూట విప్పకుండానే పక్కన పడుంది.

"చేత్తో ఏం చెప్పమంటారయ్యా?"

"బండి నిలిపాను, బ్రేకు బిగించాను, ఇంటికెళ్లి పడుకున్నాను అంటున్నావు. ఆ బిగించడం ఎలాగో చూపించు. ఇదే బ్రేకు పిడి అనుకో." ఓర్మ్ తన టోపీ తీసి నడుమెత్తున పట్టుకున్నాడు.

డనేజ్ లేచాడు. టోపీ అంచుని రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, ఎడమకి తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. ఓర్మ్ మణికట్టు మెలిపడింది.

"ఇలాగయ్యా. ఇక తిరగనని మొరాయించేదాకా. మా దొరసానికి, అదే నా ఇంజన్‌కి, ఏనాడూ ఇంతకు తక్కువ చెయ్యలేదు."

ఓర్మ్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు గానీ, గుండెలో రాయి పడ్డట్టయింది. లోకంలో ఏ మర చుట్టైనా కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకి తిప్పితే వదులవుతుంది. ఇంతసేపూ ఈ మనిషి నిజమే చెబుతున్నాడని నమ్ముతూ వచ్చాడు. ఇప్పుడు నోరేమో బ్రేకు బిగించానంటోంది, చెయ్యేమో వదులు చేశానంటోంది.

"ఇంజన్ షెడ్డు మేస్త్రీ పాస్క్‌తో గొడవెందుకు పడ్డావు?"

"నా బండి తీసి ఇంకొకడికి ఇస్తానన్నాడయ్యా. ఏడేళ్లుగా యాభై ఎనిమిదో నంబరు నాది. దాని ఇత్తడి నా చేత్తో తోమాను. మా ఆవిడ కూడా అంటుంది, నన్ను ఏనాడైనా అలా చూశావా అని."

"అందుకని ఏమన్నావు?"

డనేజ్ నేలచూపులు చూశాడు. "నా దొరసాని మీద చెయ్యి వేసినవాడి కాళ్లు విరుగుతాయన్నాను."

"షెడ్డంతా విన్నదా?"

"నా గొంతు కొంచెం పెద్దదయ్యా."

ఆ గొడవ మర్నాడు తెల్లవారుజామున యాభై ఎనిమిదో నంబరు ఇంజన్, మనిషనేవాడు లేకుండా తనంతట తానే వాలు పట్టాల మీద జారుకుంటూ వెళ్లి షెడ్డు ఆఫీసు గోడని గుద్దింది. గోడ వెనకాల టీ తాగుతున్న ఒబడయా పాస్క్ రెండు కాళ్లూ విరిగాయి. తలకి దెబ్బ తగిలి రెండు రోజులుగా ఒంటిమీద స్పృహ లేదు. అతను బతికితే డనేజ్‌కి జైలు, పోతే ఉరి. ఏదైనా సరే, కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి కెజయా పిల్లలతో రోడ్డున పడాల్సిందే. మధ్యాహ్నం రెండింటికి మేజిస్ట్రేటు ముందు విచారణ.

ఓర్మ్ తలుపు దగ్గర ఆగి "ఆ రొట్టె తిను. నేరస్థుడైనా కాకపోయినా కడుపు కడుపే" అని బయటికి నడిచాడు.

షెడ్డు గుమ్మంలో కార్నీలియస్ క్రాగ్ ఎదురయ్యాడు. రైలు కంపెనీ సొంత డిటెక్టివ్. ఆ మసిలో కూడా అతని బూట్లు నిగనిగలాడుతున్నాయి.

"రండి, రండి! రైలు నేరం విచారించడానికి గుర్రబ్బండెక్కి వచ్చిన మహానుభావుణ్ణి మిమ్మల్నే చూశాను" అన్నాడు.

రైలెక్కితే ఓర్మ్‌కి వాంతులవుతాయన్న సంగతి జిల్లా పోలీసులందరికీ తెలుసు. పెట్టె అంగుళం కదిలితే చాలు, పొట్టలో చేపలు ఈదడం మొదలెడతాయి. పెళ్లయిన కొత్తలో అత్తారింటికి పన్నెండు మైళ్లు నడిచే వెళ్లాడు.

"నా గుర్రం తెల్లవారుజామున తనంతట తాను వెళ్లి ఎవరి కాళ్లూ విరగ్గొట్టలేదు కదండీ" అన్నాడు ఓర్మ్.

"బండి తనంతట తాను వెళ్లలేదనే నేనూ అంటున్నది. దాని బ్రేకు అరచుట్టు వదులుగా ఉందని షెడ్డువాళ్లు తేల్చారు. ఆ వాలులో అది చాలు. బిగించిన బ్రేకు వదులవడానికి దానికేమైనా చేతులున్నాయా? ఎవడో వదులు చేశాడు. కాళ్లు విరుగుతాయన్నవాడే చేశాడు. దీనికి డిటెక్టివ్ దేనికి, చంటిపిల్లాడు చాలు."

"నేను చంటిపిల్లాడి కంటే కాస్త వెనకబడ్డవాణ్ణి. బ్రేకంటే ఏమిటో చూపించండి."

క్రాగ్ నవ్వి పక్కనే ఆగివున్న యాభై రెండో నంబరు ఇంజన్ మీదికి ఒక్క ఊపులో ఎక్కాడు. వెనకాల ఓర్మ్, నిచ్చెన ఎక్కే ముసలమ్మలా, రెండు కమ్మీలూ పట్టుకుని ఎక్కాడు. బండి నిలిచే ఉందని నాలుగుసార్లు తనకి తాను చెప్పుకున్నాడు.

"మీకీ బండ్ల సంగతి బాగా తెలిసినట్టుందే?"

"తెలియక? పోలీసు కోటు తొడక్కముందు బొగ్గు ఎత్తినవాణ్ణి. డెబ్బై ఏడో సంవత్సరం దాకా యాభై మూడో నంబరు మీద ఫైర్‌మన్‌ని. దీని అక్కచెల్లెలే. ఇదిగో బ్రేకు. కుడికి తిప్పితే చెక్కలు చక్రాన్ని పట్టేస్తాయి. ఎడమకి తిప్పితే వదిలేస్తాయి. అర్థమైందా?"

ఓర్మ్ కూడా తిప్పి చూశాడు. నిజమే, కుడికి బిగిసింది. ఠాణాలో టోపీ ఎడమకి తిరిగిన సంగతి మళ్లీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

"డనేజ్ దిగేటప్పుడు ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎనభై మీద ఉందన్నాడు" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"రాత్రి ఉందేమో. బండి కదిలేవేళకి నలభైకి దిగింది. ఆ ఆవిరితో అది పరిగెత్తలేదు, వాలులో జారింది. నామీదికి సాంకేతిక మాటలు విసరకండి ఇన్‌స్పెక్టర్ గారూ, మీవల్ల కాదు."

ఇక దిగుదామన్నాడు క్రాగ్. మెట్టు మీద కాలు పెట్టబోతూ వెనక్కి తిరిగాడు. బ్రేకు పిడి పట్టుకుని ఒంటి బరువంతా వేసి కుడికి ఒక్క గుంజు గుంజి, అప్పుడు దిగాడు.

"బిగిసే ఉంది కదా, మళ్లీ ఎందుకు?" అన్నాడు ఓర్మ్.

"అది మర్యాద. ఎవరి బండి ఎక్కినా దిగేముందు బ్రేకుకి ఒక్క పట్టు పట్టి దిగాలి. చర్చిలోకి వెళ్లేముందు టోపీ తీసినట్టు. బొగ్గు ఎత్తిన చెయ్యి చచ్చేదాకా మానదు లెండి" అన్నాడు క్రాగ్, కాస్త గర్వంగానే.

యాభై ఎనిమిదో నంబరు కూలిన గోడ ఇటుకల్లో ముక్కు దూర్చి నిలబడి ఉంది. ఓర్మ్ ఒంటరిగా దాని మీదికి ఎక్కాడు. మొదట ఆవిరి ముల్లు వెతికాడు. గుద్దుడికి దాని అద్దం పగిలింది, ముల్లు ఊడి ఎటో పోయింది. ముల్లుని పట్టి ఉంచే కొక్కెం మాత్రం మిగిలింది. బండిని మొదట చేరినవాళ్లు కూడా దాన్ని అలాగే చూశామని చెప్పారు.

మరి నలభై అని క్రాగ్‌కి ఎవరు చెప్పారు?

ఓర్మ్ కాసేపు ఆ కొక్కెం వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బ్రేకు దగ్గరికి వెళ్లి, అలవాటుగా కుడికి తిప్పాడు. పిడి తేలిగ్గా తిరిగింది, కింద చెక్కలు చక్రాన్ని వదిలి ఎడంగా జరిగాయి. గబుక్కున చెయ్యి తీసేశాడు. ఈసారి ఎడమకి తిప్పాడు. బిగిసింది. ఇంకొంచెం తిప్పాడు. ఇక తిరగనని మొరాయించింది.

అంత పెద్దమనిషీ ఆ మసి గొట్టాల మధ్య నిలబడి గట్టిగా నవ్వాడు. డనేజ్ చెయ్యి అబద్ధం ఆడలేదు! పొద్దున్నుంచీ గుండెల మీదున్న రాయి దొర్లిపోయినట్టయింది అతనికి.

కారణం తెలుసుకోవడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేకపోయింది. ఇంజన్ల శాఖ పెద్ద లూషియన్ వెరల్ కూలిన గోడ పక్కనే నిలబడి, బిడ్డకి జ్వరమొచ్చిన తల్లిలా యాభై ఎనిమిది వంగిన బఫర్లను నిమురుతున్నాడు.

"వెరల్ గారూ, ఈ బండి బ్రేకు ఎడమచేతి వాటమా?"

వెరల్ మొహం ఎర్రబడింది. "ఎవరు చెప్పారు మీకు? అది మా ఇంటిగుట్టండీ."

"విచారణ రెండింటికి. ఇంటిగుట్టు తొందరగా చెప్పేయండి."

"ఈ కౌంటెస్ రకం ఇంజన్లు మొత్తం పన్నెండు" అన్నాడు వెరల్. చెప్పడం మొదలెట్టాక సిగ్గు పోయి కళ్లలో వెలుగొచ్చింది. "షెడ్డులో దొరసానులంటారు. నాకు ముందు ఈ శాఖ చూసిన ముసలి గారో గారు డెబ్బై రెండో సంవత్సరంలో మొదటి ఆరు కట్టారు, యాభై ఒకటో నంబరు నుంచి యాభై ఆరో నంబరు దాకా. నిలువెత్తు దాటిన చక్రం, ఒకటే జత. ఈ లైను మీద అంత వేగం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆయన పోయాక నేనొచ్చి డెబ్బై తొమ్మిదిలో ఇంకో ఆరు కట్టించాను. ఆయన డ్రైవర్‌ని కుడివైపు నిలబెట్టేవారు. సిగ్నళ్లు బాగా కనబడతాయని నేను ఎడమవైపుకి మార్చాను. డ్రైవర్‌తో పాటు, వెనక బొగ్గు మోసే టెండరు మీది బ్రేకు కూడా పక్క మారాలి కదా?"

"మారాలి."

"మా నక్షాల గదిలో వాళ్లకి కొత్త బొమ్మ గీయడానికి బద్ధకమేసింది. గారో గారి పాత నక్షా పల్చటి కాయితం మీద ఉంది. దాన్నే తిరగేసి, వెనకనుంచి దిద్దేశారు. అద్దంలో మొహం చూసుకున్నట్టు అన్నీ చక్కగా ఎడమకి వచ్చాయి. మర చుట్లు కూడా వచ్చాయి! కుడికి బిగిసే మర ఎడమకి బిగిసే మర అయింది. ఆరూ తయారై బయటికొచ్చాక గానీ ఒక్కడూ చూసుకోలేదు."

"మార్చలేదా?"

"డైరెక్టర్లు అలవాటవుతుందిలే అన్నారు. అయింది కూడా. మా దగ్గర ఒక బండి ఒకే డ్రైవర్‌ది. ఒకడి బండి ఇంకొకడు ముట్టుకోడు. కొత్త ఫైర్‌మన్ వస్తే మొదటిరోజే మొట్టికాయ వేసి నేర్పుతారు. ఏడేళ్లలో ఒక్క పొరపాటు లేదు. ఎటు బిగిస్తేనేం, వదులైన బ్రేకు వదులైనదే కదా అని మీకు చెప్పలేదు."

"ఎటు బిగిస్తేనేం అంటారేమిటండీ, ఒక మనిషి మెడ దాని మీదే ఉంది!" అన్నాడు ఓర్మ్. తర్వాత గొంతు తగ్గించాడు. "కొత్త ఆరింటిలో ఇప్పుడు షెడ్డులో ఏదైనా ఉందా?"

"అరవయ్యో నంబరు ఉంది. యాభై ఎనిమిది నిలబడ్డ పట్టాల మీదే."

"దాని చక్రానికి బెత్తెడు దూరంలో ఒక అడ్డుచెక్క పెట్టించండి. గట్టిది. బెత్తెడే సుమా. ఆ తెల్లవారుజామున బండి కదిలేముందు పక్కనుంచి ఏమైనా వెళ్లిందా?"

"గనుల బొగ్గు రైలు వెళ్లింది. అది పోతుంటే షెడ్డు కిటికీలన్నీ వణుకుతాయి. ఒంటిగంట దాటాక మళ్లీ వస్తుంది."

అంతలో ఠాణా జవాను ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అయ్యా! పాస్క్ కళ్లు తెరిచాడు. టీ అడిగాడు. ఇస్తే, చల్లారిపోయిందని నర్సమ్మని తిట్టాడు. ఇక గండం గడిచిందన్నాడు డాక్టరు!"

వెరల్ ఇటుకల మీదే కూలబడి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఓర్మ్ అతని భుజం తట్టాడు. ఉరి తప్పింది. దేవుడు తన వంతు చేశాడు, ఇక మిగిలినది పోలీసుల వంతు.

క్రాగ్‌ని అరవయ్యో నంబరు మీదికి రప్పించడానికి పెద్ద కష్టం కాలేదు. "ఇంకా అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి" అంటే చాలు, అతను ఎక్కడికైనా వస్తాడు.

"పాస్క్ బతికినంత మాత్రాన డనేజ్ పుణ్యాత్ముడైపోడు. కావాలని బండి వదిలినందుకు పదేళ్లు పడతాయి" అన్నాడు క్రాగ్, వాచీ చూసుకుంటూ. "ఏం చూడాలో త్వరగా చూడండి."

"ఆ రోజు తెల్లవారుజామున మీరెక్కడున్నారు క్రాగ్ గారూ?"

"నన్ను విచారిస్తున్నారా?"

"అందర్నీ అడుగుతున్నాను. గుర్రాన్ని కూడా అడిగాను."

"నా పనిలో నేనున్నాను. అది కంపెనీ వ్యవహారం. మీకు చెప్పాల్సిన అవసరం లేదు. ఇక అయిపోయినట్టేగా?"

అతను మెట్టు వైపు తిరిగాడు. క్రాగ్ ఒక కాలు మెట్టు మీద పెట్టబోయి, వెనక్కి తిరిగి, చూడకుండానే చెయ్యి చాచి బ్రేకు పిడి పట్టుకున్నాడు. ఒంటి బరువంతా వేసి ఒక్క గుంజు గుంజాడు. కుడికి.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాడు ఓర్మ్. "ఒకే ఒక్క ప్రశ్న. ఆవిరి ముల్లు నలభై మీద ఉందని ఎలా తెలిసింది?"

"చూస్తే తెలియదా?"

"చూస్తే తెలుస్తుంది. కానీ గుద్దుకున్నాక చూడటానికి ముల్లు లేదు. అంటే అంతకుముందు చూసి ఉండాలి."

క్రాగ్ మెట్టు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. బయట గనుల రైలు దగ్గరపడుతోంది. కిటికీలు గలగలమన్నాయి, కాళ్లకింద ఇనుప రేకు సన్నగా వణికింది. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి దడదడలాడుతూ పోయాయి. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

ఓర్మ్ పొట్టలో ఒక చేప కదిలింది. తర్వాత ఇంకొకటి. పెళ్లయిన కొత్తనుంచీ శత్రువులా వేధిస్తున్న ఆ తిప్పుడు ఆవేళ అతనికి చుట్టంలా కనిపించింది.

"క్రాగ్ గారూ, బండి కదులుతోంది" అన్నాడు.

"పిచ్చి మాట! ఇప్పుడే కదా నేను..."

టక్కుమని చప్పుడైంది. పెద్ద చక్రం అడ్డుచెక్కని తాకి ఆగింది. క్రాగ్ తూలి కమ్మీ పట్టుకున్నాడు. కిందకి వంగి చెక్కని చూశాడు. లేచి బ్రేకు పిడిని చూశాడు. తర్వాత తన కుడిచేతిని చూసుకున్నాడు.

"ఈ కొత్త ఆరింటికీ మర తిరగబడింది" అన్నాడు ఓర్మ్ నెమ్మదిగా. "కుడికి తిప్పితే వదులవుతుంది. ఇవి తయారైంది డెబ్బై తొమ్మిదిలో. మీరు డెబ్బై ఏడులోనే బొగ్గుపార వదిలేశారు. మీకు మొట్టికాయ వేసి నేర్పేవాడు లేకపోయాడు."

ఆ నిగనిగలాడే బూట్ల మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"డనేజ్ కంపెనీ బొగ్గు ఇంటికి మోస్తున్నాడని ఎవడో చెవిలో ఊదాడు" అన్నాడు చివరికి. "చీకట్లో యాభై ఎనిమిది ఎక్కి అంతా వెతికాను. దాచిన బొగ్గు ఒక్క పెళ్ల దొరకలేదు. ఆ మనిషి తప్పు చెయ్యలేదు. బండి ఎక్కిన సంగతి సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ముల్లు చూశాను. చూసి... దిగేముందు..."

"మర్యాద చేశారు."

"మర్యాద చేశాను! ఆ మర్యాదే పాస్క్ కాళ్లు విరగ్గొట్టింది. దానికి నేను ఇంకొకణ్ణి ఉరికంబం ఎక్కించబోయాను. దేవుడా! నిజంగా వాడే చేశాడనుకున్నాను ఇన్‌స్పెక్టర్ గారూ. మీరు నమ్మండి, నమ్మకపోండి."

"నమ్ముతాను. ఇందాక మీరు చూడకుండానే చెయ్యి చాచారు. తెలిసి చేసేవాడు పిడి వంక చూస్తాడు."

ఓర్మ్‌కి అతని మీద కోపం రాలేదు. పొద్దున్నుంచీ ఒక నేరస్థుడి కోసం వెతికాడు. చివరికి నేరస్థుడంటూ ఎవడూ లేడని తేలింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఇంత హాయిగా ఓడిపోయిన రోజు అతనికి ఇంకొకటి లేదు.

"రెండు కాబోతోంది. మేజిస్ట్రేటుకి నేను చెప్పనా?"

"వద్దు." క్రాగ్ టోపీ సర్దుకున్నాడు. "వాణ్ణి లోపల పెట్టించింది నేను. బయటికి తీసుకొచ్చేదీ నేనే. నా ఉద్యోగం పోతే పోనీ. కెజయా డనేజ్ కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంటుంది, ముందు ఆవిడకి చెప్పాలి."

మెట్టు మీద కాలు పెట్టాడు. అలవాటుగా చెయ్యి మళ్లీ బ్రేకు వైపు వెళ్లి, దారి మధ్యలో ఆగిపోయింది. ఈసారి క్రాగ్ పిడి వంక నిదానంగా చూశాడు. రెండు చేతులా పట్టుకుని, ఎడమకి, ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాడు.

"ఇలాగేనా?" అన్నాడు.

"అలాగే" అన్నాడు ఓర్మ్. "పొద్దున్న డనేజ్ నాకు అచ్చం ఇలాగే చూపించాడు."